పుచ్చుకున్ననాడే పంచమన్న బిషప్ అజరయ్య

కాజీపేట నుంచి బెజవాడ వెళ్లే రైల్లో ప్రయాణం చేసినవాళ్లకి డోర్నకల్ అంటే ఒక జంక్షన్. అక్కడ ఒక లైను చీలి కారేపల్లి మీదుగా కొత్తగూడెం బొగ్గుగనుల వైపు పోతుంది. బండి ఆగినప్పుడు టీ తాగి మళ్లీ ఎక్కేస్తాం. కానీ క్రైస్తవ సంఘ చరిత్ర చదివినవాళ్లకి, వాళ్లు ఏ దేశంవాళ్లయినా సరే, ఆ పేరు ఇంకో విధంగా పరిచయం. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు, వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ముప్పైరెండేళ్లు బిషప్‌గా కాపురమున్న ఊరు అది.

ఆయన జీవితాన్ని ఈ సంచికలో తలుచుకోవడానికి ఒక కారణం ఉంది. విశ్వాసంలో ఎదగడం ఎలా అనే ప్రశ్న మన విద్యార్థి కూటాల్లో ఏటా వస్తుంది. దానికి మనం సాధారణంగా చెప్పుకునే వరస ఒకటుంది. మొదట చదవాలి, ప్రార్థన నేర్చుకోవాలి, అర్థం చేసుకోవాలి, బాగా స్థిరపడాలి. ఆ తరవాత, తీరిక దొరికితే, ఇతరులకి ఏమైనా చెయ్యాలి. అజరయ్య ఈ వరసని తిరగేసినవాడు. అదీ ఏ కాలేజీ హాస్టల్లోనో కాదు, అక్షరం ముక్క రాని, రెండుపూటలా తిండి లేని జనం మధ్య.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అనే పల్లెలో ఆయన పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయకం ఆ పల్లెలో సంఘ గురువు. తల్లి ఎలెన్. చాలా ఏళ్లు మగబిడ్డ కోసం మొక్కుకుని కన్న కొడుకు కనక, బైబిల్లో హన్నా కన్న బిడ్డ పేరే శామ్యూల్ అని పెట్టుకున్నారు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. తల్లి బళ్లలోనూ వసతి గృహాల్లోనూ పనిచేస్తూ పిల్లవాణ్ణి పెంచింది. ఆమె కట్టుదిట్టమైన మనిషి. వేళకి లేవడం, వేళకి ప్రార్థన, చేతిలో ఉన్నదానికి లెక్క ఉండడం, ఇవన్నీ అజరయ్యకి దైవశాస్త్రం పుస్తకాల్లోంచి వచ్చినవి కావు, ఇంట్లోంచి వచ్చినవి. బిషప్ అయిన తరవాత కూడా తెల్లవారుజామునే లేచి తన మనుషుల కోసం పేరుపేరునా ప్రార్థన చేసేవాడు.

పై చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. ప్రధాన విషయం గణితం. డాక్టర్ మిల్లర్ ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులవి. తరవాత దేశంలో పేరుమోసిన కె. టి. పాల్ అక్కడే స్నేహితుడయ్యాడు. ఇంత చదివీ అజరయ్య బి.ఏ. పట్టా మాత్రం పుచ్చుకోలేదు. ఫైనలు పరీక్షల బెంగతో ఈ సంచిక తిరగేస్తున్న మిత్రులు దీన్ని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి! పట్టా లేని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అది వేరే సంగతి.

1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరాడు. దక్షిణాదిన ఊరూరా తిరుగుతూ కాలేజీ కుర్రాళ్లకి బైబిలు తరగతులు, శిబిరాలు నడపడం ఉద్యోగం. మరుసటి ఏడు అమెరికానుంచి షేర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు అదే పనికి వచ్చాడు. ఇద్దరూ కలిసి తిరిగారు, కలిసి ప్రార్థించారు, ఒకరి తప్పులు ఒకరు మొహం మీదే చెప్పుకున్నారు. తెల్లదొరకీ నల్లవాడికీ మధ్య అలాంటి స్నేహం ఆ రోజుల్లో ఎంత అరుదో మనకిప్పుడు ఊహకి అందదు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో వివాహమైంది. దక్షిణాదిన కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. డోర్నకల్లో జరిగిన పనిలో సగం ఆమెదేనని చెప్పినా తప్పు కాదు.

ఈ మనిషి దారి మళ్లిన చోటు యాళ్పాణం, అంటే సింహళంలోని జాఫ్నా. 1902లో అక్కడికి సభలకి వెళ్లాడు. ఆ చిన్న ద్వీపభాగంలో ఉన్న తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషుల్ని, సముద్రం దాటించి ఇండియాలో సువార్త పనికి పంపుతున్నారు. అజరయ్యకి తల కొట్టేసినట్టయింది. తిరునెల్వేలి సంఘం అంతకన్నా ఎంతో పెద్దది, పాతది. అయినా ఇంగ్లండు నుంచి వచ్చినదాన్ని పుచ్చుకోవడమే తప్ప ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. వందేళ్ల పైబడిన సంఘం ఇంకా పాలు తాగే బిడ్డలాగే ఎందుకుంది? ఆయనకి తోచిన జవాబు ఒకటే. దాని చేత ఎవరూ ఏమీ పెట్టించలేదు కాబట్టి.

ఊరికే బాధపడి ఊరుకోలేదు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, పాలన మనది అనే నియమం మీద నడిచిన సంస్థ అది. 1905 క్రిస్మస్ రోజున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూర్‌లో, నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని వెనక కూడా అజరయ్య, కె. టి. పాల్ మొదలైనవాళ్లే ఉన్నారు. తిరునెల్వేలి సొసైటీ పనికి ఎన్నుకున్న చోటు నైజాం రాజ్యంలో, మానుకోట చుట్టుపక్కల తెలుగు పల్లెలు. కేంద్రం డోర్నకల్.

ఇక్కడ ఆయన మనసులో ఒక పీట ముడి పడింది. మీరు వెళ్లండి, మీరు వెళ్లండి అని కాలేజీల్లో కుర్రాళ్లకి చెబుతున్నాడు. తాను మాత్రం మద్రాసులో కార్యదర్శి హోదాలో ఉన్నాడు. ఎక్కువ కాలం అలా ఉండలేకపోయాడు. 1909లో గురుత్వాభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరుకున్నాడు. వయసు ముప్పైఅయిదు. తెలుగు అ ఆలు అప్పుడు దిద్దుకున్నాడు. తమిళుడు తెలుగు నేర్వడం ఏమంత గొప్ప అనుకోవచ్చు మనం. ప్రభుత్వంతో వ్యవహారం ఉర్దూలో, ఊళ్లో మాట తెలంగాణా పల్లె యాసలో, ప్రార్థనపుస్తకం గ్రాంథికంలో! మూడిటి మధ్యా నిలబడి పల్లెవాడికి అర్థమయ్యేలా ప్రసంగం చెయ్యాలంటే తేలిక కాదు.

ఆ మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు పన్నెండువందల మంది ప్రతినిధులు. అందులో ఆసియావాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ సభలో అజరయ్య లేచి, మీరు చేసిన త్యాగాలకి మా దేశం కృతజ్ఞతగా ఉంటుందంటూనే, తెల్ల మిషనరీకీ దేశీయ పనివాడికీ మధ్య స్నేహం లేదని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తూ కూడా ఒక్కపూట కలిసి అన్నం తిననివాళ్లు ఉన్నారని చెప్పాడు. మాకు దానధర్మాలు చాలు, ఇక స్నేహితులు కావాలి అన్నది ఆయన ప్రసంగ సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు సిగ్గుపడ్డారు. శిష్యత్వం గురించి మనం ఎన్ని పాఠాలు విన్నా, ఒకే పంక్తిలో కూచుని తినలేని చోట అది ఎదగదని ఆయన చెప్పినంత సూటిగా ఆ రోజుల్లో ఇంకెవరూ చెప్పలేదనిపిస్తుంది.

ఆయన్ని బిషప్ చెయ్యాలని పట్టుబట్టినవాడు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. అడ్డం వచ్చినవాళ్లు తక్కువేం కాదు. భారతీయుడి కింద పనిచెయ్యాల్సి వస్తుందని కొందరు మిషనరీలు గొణిగారు. మనలో ఒకడికి అంత పదవా అని స్వదేశీ క్రైస్తవుల్లోనూ కొందరు ముఖం చిట్లించారు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్లో అభిషేకం జరిగింది. ఇచ్చింది మాత్రం చిన్న అధ్యక్ష మండలం. 1920 ప్రాంతాల్లో బందరు కేంద్రంగా ఎదిగిన కృష్ణా, గోదావరి తీరపు సంఘాలు కూడా వచ్చి కలిశాయి. అప్పుడు ఇంగ్లీషు గురువులు సైతం ఆయన ఏలుబడిలోకి వచ్చారు. పెద్ద గొడవేదో అవుతుందనుకున్నారు కాని, అలాంటిదేం కాలేదు.

అసలు కథ పల్లెల్లో ఉంది. డోర్నకల్ మండలంలో సంఘంలోకి వస్తున్నవాళ్లు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరి వెలుపల గుడిసెలు, దొర పొలంలో వెట్టి, తరతరాల అప్పు. ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలకి కుటుంబాలు, వాడలకి వాడలు వస్తున్నాయి. వీళ్లకి విశ్వాసం అంటే ఏం తెలుసు, తిండి కోసమో దొర పీడ నుంచి కాపాడతారనో వస్తున్నారు అని పట్నంలో చదువుకున్న క్రైస్తవులే ఎగతాళి చేసేవాళ్లు. అజరయ్య వాళ్ల ఉద్దేశాల గురించి తగువులాడలేదు. వచ్చాక ఏం చెయ్యాలో దాని మీద పడ్డాడు.

ఎలా మొదలయ్యేదో చెప్పుకోవాలి. పల్లెకి ఒక ఉపదేశి వస్తాడు, భార్యతో సహా. పొలం పనుల నుంచి జనం తిరిగొచ్చి, గంజి తాగి, దీపం పెట్టాక బడి పాకలో కూచుంటారు. ఆదివారం సెలవు ఇవ్వడానికి దొర ఒప్పుకోడు కనక రాత్రే ఆరాధన, రాత్రే చదువు. చదువు రానివాళ్లకి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటితో నేర్పాలి. బైబిలు కథలు పాటలుగా, భజనగా, వేషం కట్టిన ఆటగా చెప్పాలి. చదువుకున్నవాడు ఒక్కసారి చదివి మరిచిపోయేదాన్ని ఈ జనం పాటగా కట్టుకుని నాట్లు వేస్తూ పాడుకునేవాళ్లు. పాశ్చాత్య రాగాలకన్నా తెలుగు కీర్తనలూ, తాళాలూ, జాతరలాంటి పండగలూ కావాలని బిషప్ పట్టుబట్టడానికి కారణం ఇదే. కోతల పండగకి ధాన్యపు గంపలు, కోళ్లు, గుమ్మడికాయలు గుడికి వచ్చేవి.

డోర్నకల్లో ఉపదేశుల శిక్షణ బడిలో ఒక విశేషం ఉంది. మగవాళ్లని ఒంటరిగా చేర్చుకునేవాళ్లు కాదు. భార్యలు కూడా వచ్చి చదువుకోవాలి. అన్బు అమ్మగారి చెయ్యి ఇక్కడ కనబడుతుంది. భర్త బడి చెబుతుంటే భార్య ఆ పల్లె ఆడవాళ్లకి పసిపిల్లల పెంపకం, శుభ్రం, ప్రార్థన నేర్పాలి. పుస్తకంతోపాటు పొలం పని కూడా ఉండేది. చదువుకున్నాం కదా అని చేతికి మట్టి అంటని మనిషి పల్లెకి పనికిరాడని ఆ దంపతుల ఉద్దేశం.

నాలుగు దయ్యాలతో పోరాడాలని బిషప్ చెబుతుండేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లీషులో నాలుగూ డి అక్షరంతోనే మొదలవుతాయి కనక ఆయనకి చెప్పడం సులువయ్యేది. గమనించండి, ఇందులో ఒక్కటైనా ఆత్మీయమైనది అని మనం అనుకునేది లేదు. ఆయన దృష్టిలో ఇల్లు ఊడ్చుకోవడం, సారా మానెయ్యడం, షావుకారు దగ్గర వేలిముద్ర వెయ్యకపోవడం కూడా ప్రార్థనంత ముఖ్యమైన మెట్లు. సహకార సంఘాలు, వైద్యశాలలు ఈ ఆలోచనలోంచే వచ్చాయి.

అయిదో దయ్యం కూడా ఉండేది, కులం. మాలలు ముందు క్రైస్తవులైన ఊళ్లో మాదిగలు వస్తే ఒక గుడిలో కూచోరు, ఒక గిన్నెలో ప్రభు భోజనం పుచ్చుకోరు. దీని మీద బిషప్ ఎంత కఠినంగా ఉన్నా, పూర్తిగా గెలిచాడని చెప్పలేం. అది నిజం. నేటికీ తెగని ముడి అది.

ఇక ఆయన తిరగేసిన వరస సంగతి. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించేవాడు. తాము బాప్తిస్మం పొందినవాళ్లమనీ, సువార్త చెప్పకపోతే తమకి అనర్థమనీ, అపొస్తలుడైన పౌలు తన గురించి రాసుకున్న మాటని తమకి అన్వయించి పలికించేవాడు. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి ఇవాళ లోకానికి చెప్పవలసిన కబురున్నవాడయ్యాడు! ఏటా ఒక సాక్ష్యవారం పెట్టి, గురువులూ ఉపదేశులే కాక పొలం కూలీలు, ముసలమ్మలు, పిల్లలు అందరూ పొరుగు పల్లెలకి పాడుకుంటూ వెళ్లే ఏర్పాటు చేశాడు. ఏమీ రానివాడు ఏం చెబుతాడు అన్నవాళ్లున్నారు. తనకి జరిగింది చెబుతాడు. చెప్పబోయేసరికి పొరుగువాడు ఎదురు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలియక రాత్రి ఉపదేశి దగ్గరికి వస్తాడు. అప్పుడు చదువు మొదలవుతుంది. ఆకలి వేసినవాడికి అన్నం వంటబట్టినట్టు ఆ చదువు వంటబడుతుంది.

కానుక విషయంలోనూ ఇంతే. వీళ్లు దరిద్రులు, వీళ్ల దగ్గర ఏం అడుగుతాం అని జాలిపడడం ఆయన దృష్టిలో అవమానం చెయ్యడమే. పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యమనేది పద్ధతి. ఆదివారం ఆ కుండ గుడికొస్తుంది. పిడికెడు బియ్యానికి ఎంత వస్తుందని అడగొచ్చు. లెక్క అది కాదు. వంట చేసే ప్రతిసారీ ఆ ఇల్లాలికి దేవుడు గుర్తొస్తాడు, తనకన్నా లేనివాడు గుర్తొస్తాడు. రోజుకి రెండుసార్లు, చేతితో చేసే ప్రార్థన. 1939లో ఆయన రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం ఈ అనుభవంలోంచి వచ్చిందే. చాలా భాషల్లోకి వెళ్లింది. ఇవ్వడం ఆరాధనలో భాగమనీ, సంఘం ఖర్చులు వెళ్లదీయడానికి వసూలు చేసే చందా కాదనీ దాని వాదం.

ఇదంతా ఫలించిందా? నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ పురమాయించగా జె. డబ్ల్యు. పికెట్ అనే ఆయన దేశంలో ఇలాంటి సామూహిక ఉద్యమాలన్నిటినీ పరిశీలించి 1933లో పుస్తకం వేశాడు. అందులో తేలినదేమిటంటే, ఏ ఉద్దేశంతో వచ్చారన్నదాని కంటే వచ్చాక ఎలాంటి శిక్షణ, ఆరాధన అందాయన్నదే మనుషుల మార్పుకి ముఖ్యం. అజరయ్య ఇరవై ఏళ్లుగా నమ్మి చేస్తున్నది అదే. కూలివాళ్ల బతుకుల్లో మార్పు చూసి, వాళ్లని ముట్టుకోని కులాలవాళ్లు కూడా కొన్ని ఊళ్లలో సంఘంలో చేరడం ఆ రోజుల్లోనే మొదలైంది. 1930ల నడుమకి మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఈ సంఖ్యే గాంధీగారితో పేచీకి కారణమయింది. 1935లో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాక మతాంతరం దేశమంతటా రగిలిన విషయం. హరిజనులు తమ మతంలోనే ఉండి హక్కులు సాధించాలని, మూకుమ్మడి మతమార్పిడి వాళ్ల అమాయకత్వాన్ని వాడుకోవడమని గాంధీగారి అభిప్రాయం. ఆ మనిషికి తన దేవుణ్ణి తాను ఎన్నుకునే శక్తి లేదనడమే అమాయకత్వం అంటగట్టడమని అజరయ్య పక్షం. క్రైస్తవులకి ప్రత్యేక నియోజక వర్గాలు వద్దని వాదించినవాడు కూడా అజరయ్యే. సంఘం ఓట్ల గుంపుగా మారిపోతుందని ఆయన భయం. ఇద్దరూ దేశభక్తులే, ఇద్దరూ ప్రార్థనాపరులే, ఇద్దరూ శుభ్రం గురించీ తాగుడు గురించీ ఒకే మాట చెప్పినవాళ్లే. అయినా ఒప్పందం కుదరలేదు. ఎవరిది న్యాయమన్నది హాస్టల్లో వాదించుకోవడానికి మిత్రులకి వదిలేస్తున్నాను.

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. తెలుగు కీర్తనలు కావాలన్న మనిషే ఇంగ్లండు ప్రార్థనపుస్తకాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు. మండలాన్ని తండ్రి ఇంటిని నడిపినట్టు నడిపాడు. తండ్రి మాటకి ఎదురుండదు కదా. బ్రిటిషు పాలన మీద ఆయనకున్న మెతకదనం ఆ రోజుల్లోనే కొందరు యువకులకి నచ్చలేదు.

డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ చూసినవాళ్లకి ఆయన కల అర్థమవుతుంది. మసీదుల్లో ఉండే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలాంటి స్తంభాలు, మధ్యలో సిలువ. ఏళ్ల తరబడి, డబ్బు ఉన్నప్పుడు లేపుతూ లేనప్పుడు ఆపుతూ కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు.

ఇంకొక కల మిగిలింది. 1919 మేలో తరంగంబాడిలో ఆయనా మిత్రులూ కలిసి ముప్పైముగ్గురిని సమావేశపరిచారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. మనవి కాని పాశ్చాత్య తగాదాలతో చీలిపోయి ఉండడం సువార్తకి అడ్డమని, దక్షిణ భారత సంఘాలు ఒకటి కావాలని అక్కడ ప్రకటన వెలువడింది. తరవాత పాతికేళ్ల పైచిలుకు కమిటీలు, సవరణలు, అభ్యంతరాలు. అలసిపోయినా ఆయన ఆ కుర్చీ వదల్లేదు.

1945 జనవరి 1న డోర్నకల్లో కన్నుమూశాడు. కెథీడ్రల్ పక్కనే సమాధి చేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం పుట్టినప్పుడు, అందులో చేరిన పద్నాలుగు అధ్యక్ష మండలాల్లో డోర్నకల్ ఒకటి.